మూడున్నర అడుగుల గీత

నా ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఇది ముందే చెప్పేస్తే మంచిది, మా కొత్తింట్లో జరిగిన గొడవంతా అక్కణ్ణించే మొదలైంది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఏలూరులో అయిదు అద్దె ఇళ్ళు మారాం. అయిదింట్లోనూ వంటగట్టు నాకంటే పొడుగాటి మహాతల్లి ఎవరికోసమో కట్టిందే. అందుకని నాకో చెక్కపీట ఉంది. జానెడు ఎత్తు, నాలుగు పొట్టి కాళ్ళు, పైన నా పాదాలు పడీ పడీ నునుపెక్కిన రెండు మచ్చలు. ఇల్లు మారిన ప్రతిసారీ లారీలోంచి ముందు ఆ పీటే దించుకునేదాన్ని, అది లేకపోతే కాఫీ కూడా పెట్టుకోలేను. ఉడుకుతున్న కూరని నేలమీద నిలబడి చూసిన పాపాన పోలేదు. పీట ఎక్కి మూత తియ్యాలి, దిగి కారం డబ్బా తేవాలి, మళ్ళీ ఎక్కాలి. స్కూల్లో లెక్కలు చెబుతాను, అక్కడ బోర్డు పైసగం ఎలాగూ నాది కాదు. కనీసం నా వంటింట్లో అన్నీ నా చేతికి అందాలని నా కోరిక. పెద్ద కోరికేం కాదు కదా?

పెదపాడులో మా స్థలంలో పునాది తీసిన రోజే మా ఆయన వెస్లీ దగ్గర మాట తీసుకున్నాను.

"ఏవండీ, హాలు మీ ఇష్టం, రంగులు అమ్మాయి ఇష్టం. వంటగది మాత్రం నా కొలతకి కట్టించాలి. గృహప్రతిష్ఠ రోజున ఈ పీట పట్టుకెళ్ళి కాలవలో పారేస్తాను."

"నువ్వెందుకు, నేనే పారేస్తాను కదా," అన్నారాయన.

ఆరడుగుల మనిషి. ఆయనకి గూట్లో వస్తువైనా అటక మీద వస్తువైనా ఒకటే. చేపల మేత కంపెనీలో ఉద్యోగం, రోజంతా చెరువుగట్ల మీద తిరుగుడు. పుట్టి పెరిగింది కొల్లేటికోట, అంటే కొల్లేరు మధ్యలో. ఈ సంగతి గుర్తుంచుకోండి, అవసరం పడుతుంది.

కాంట్రాక్టరూ గింట్రాక్టరూ ఎవరూ లేరు. మేస్త్రీని మాట్లాడుకోవడం దగ్గర్నించి టైల్సు ఏరుకోవడం దాకా అన్నీ మేమే. మూడేళ్ళు పట్టింది. గోడలు లేచాయి, స్లాబు పడింది, ఇక అల్మారాలు, గట్లు, ప్లగ్గులు, రంగులు మిగిలాయి. వడ్రంగి పనికి తాడేపల్లిగూడెం నుంచి పట్టాభిరామయ్యగారిని పిలిపించాం. అరవై దాటిన మనిషి, చెవిమీద పెన్సిలు, బుగ్గలో వక్కముక్క. వారమంతా మా కొత్తింటి వరండాలోనే మకాం. చెయ్యి తిరిగిన పనివాడు, కాకపోతే ఆయన పెన్సిలుతో ఒకసారి గీత గీస్తే ఇక దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. అందుకే నేను గ్రాఫు కాగితం మీద వంటగది బొమ్మ గీసి, గట్టు ఎత్తు రెండడుగుల ఎనిమిదంగుళాలు అని ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు కొట్టి మరీ ఇచ్చాను.

సరిగ్గా అప్పుడే నాకు టెన్త్ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. ఏలూరులో పది రోజులు. పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే ఇల్లు. ఇక పెదపాడు వెళ్ళి చూసే ఓపిక ఎక్కడిది?

"నేనున్నాను కదా, నువ్వు నిశ్చింతగా దిద్దుకో," అన్నారు వెస్లీ. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి ఏదో దాచినట్టు నవ్వుకునేవారు. "నీకో సర్‌ప్రైజు ఉంది," అనేవారు. స్టౌ మీద చిమ్నీ పెట్టిస్తున్నారు కాబోలనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

పదకొండో రోజు పొద్దున్నే చక్రకేళీ అరటిపళ్ళు కొనుక్కుని పెదపాడు బస్సెక్కాను. గుమ్మంలో అడుగు పెట్టగానే కొత్త వార్నిషు వాసన, తెల్లటి గోడలు. కడుపు నిండిపోయింది. చెప్పులు విప్పి, స్టాండు ఎక్కడుందా అని కింద వెతికాను. కింద లేదు. నా గుండెలకి ఎదురుగా గోడకి వేలాడుతోంది.

"పట్టాభిరామయ్యగారండీ, ఇదేంటండీ?"

"చెప్పుల స్టాండండి."

"చెప్పులు గుండెల దగ్గర పెట్టుకుంటారటండీ ఎవరైనా?"

"నేనూ అదే అడిగానండి. సారు వినలేదండి," అన్నారాయన, రంపం కింద పెట్టి.

హాల్లో ప్లగ్గులన్నీ స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఒకే ఎత్తున వరసగా ఉన్నాయి. నేలకి దగ్గరగా ఒక్కటీ లేదు. పడగ్గదిలో బీరువా గాల్లో ఉంది, దాని కింద ఇద్దరు మనుషులు కూర్చుని భోజనం చెయ్యచ్చు. వంటగది తలుపు తియ్యాలంటే భయమేసింది. తీశాను.

నల్లటి గ్రానైటు గట్టు మెరిసిపోతోంది. నా ఛాతీ దాకా ఉంది. దానిమీద స్టౌ, స్టౌ మీద గిన్నె పెడితే ఆ గిన్నె సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా వస్తుంది. లోపల కూర ఉడికిందో మాడిందో ఆ దేవుడికే తెలియాలి. బ్యాగులోంచి టేపు తీసి కొలిచాను. మూడడుగుల ఆరంగుళాలు. వెనక్కెళ్ళి చెప్పుల స్టాండు కొలిచాను. మూడడుగుల ఆరంగుళాలు. బీరువా అడుగు, ప్లగ్గులు, అన్నీ అదే లెక్క. ఇల్లంతా ఒక్క దారం కట్టి, దానికింద గుండుసూది కూడా ఉండకూడదని ఎవరో శపించినట్టుంది.

"నేను రాసిచ్చిన ఎర్ర ఇంకు ఏమైందండీ?"

"మీ కాగితం భద్రంగానే ఉందండి. సారే దాన్ని కొట్టేసి పైన నీలం ఇంకుతో రాశారండి. నా నలభై ఏళ్ళ పనిలో గాల్లో బీరువా కట్టడం ఇదే మొదలండి. మా ఆవిడకి ఫోన్లో చెబితే నమ్మలేదండి."

అప్పుడే బయట బండి ఆగింది. వెస్లీ లోపలికొచ్చారు, ముఖం వెలిగిపోతోంది. "వచ్చేశావా! ఉండుండు, కళ్ళు మూసుకో," అంటూ వెనక గదిలోంచి దుప్పటి కప్పిన పొడుగాటి వస్తువేదో ఈడ్చుకొచ్చి, వంటగట్టు ముందు పెట్టి, దుప్పటి లాగేశారు.

పీట. టేకు పీట. గట్టు ఈ చివర్నించి ఆ చివరిదాకా, ఆరడుగుల పొడుగు, రెండు పూతల పాలిషు.

"నువ్విక ఎక్కీ దిగీ అలిసిపోనక్కర్లేదు సువర్ణా! ఒక్కసారి ఎక్కితే వంటంతా అయ్యేదాకా దీనిమీదే అటూ ఇటూ నడవచ్చు," అన్నారు.

చేతిలో టేపు ఆ పీటమీద పడేశాను. ఇక నా నోరు ఆగలేదు.

"పీట వదిలించుకుందామని ఇల్లు కట్టుకుంటే, ఆరడుగుల పీట చేయించి పెడతారా? నేనడిగింది ఒకే ఒక్కటి. హాలు అడిగానా? బాల్కనీ అడిగానా? ఒక్క గట్టు! అదీ కాగితం మీద రాసిచ్చి మరీ అడిగాను!"

పట్టాభిరామయ్యగారు మర్యాదగా బయటికెళ్ళారు. వెళ్ళి కిటికీ పక్కనే నిలబడ్డారు.

"కోప్పడకు. కింద ఏమీ పెట్టకూడదు కదా," అన్నారు వెస్లీ. "నీళ్ళొస్తే?"

"ఏ నీళ్ళండీ?"

"నీళ్ళే. వానాకాలం నీళ్ళు."

"పెదపాడులోనా? అయిదడుగుల మెరక పోయించి కట్టాం ఇల్లు. ఇందులోకి నీళ్ళు రావాలంటే ముందు ఏలూరు మునగాలి!"

ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశారు. నటన కాదు, నిజంగానే. "ఎవరైనా అలాగే పెట్టుకుంటారు కదా?" అన్నారు. ఎవరైనా అంటే కొల్లేటికోటలో ఎవరైనా అని. అక్కడ బియ్యం బస్తా దగ్గర్నించి పెళ్ళి ఫొటో దాకా ముందు ఎత్తు చూసుకుని, తర్వాత చోటు చూసుకుంటారు.

గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని అప్పుడు చెప్పారు. ఒకటో తరగతిలో ఉండగా ఒక ఏడు కొల్లేరు పొంగి ఊళ్ళోకి వచ్చిందట. వాళ్ళని పడవల్లో ఎక్కించి వేరే ఊరి బళ్ళోకి చేర్చారట. ఆయనకి గుర్తున్నదల్లా చీకటి, తడిసిన పుస్తకాల సంచీ, అంతే. తిరిగొచ్చేసరికి నడిమింటి గోడమీద బొగ్గుతో గీసిన గీత ఉంది. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని అర్థమైంది. అది తన నెత్తిని తాకేంత ఎత్తు.

"రోజూ ఆ గీత కిందే చాప వేసుకుని పడుకునేవాణ్ణి. నాన్న ప్రతి పండక్కీ గోడకి సున్నం వేసి, మళ్ళీ అదే చోట గీత గీసేవారు. ఒక్క మాటా చెప్పేవారు కాదు. మరిచిపోవద్దని హెచ్చరిక అన్నమాట. పోయిన నెల వెళ్ళి కొలిచి మరీ వచ్చాను సువర్ణా. మూడున్నర అడుగులు."

మా మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆయన మాట్లాడగా నేను విన్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అప్పుడు నాకు మా అద్దె ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి. మా అమ్మాయి ఇందు పుస్తకాలు ఫ్రిజ్జు మీద, సర్టిఫికెట్లు అటక మీద, బైబిలు బీరువా నెత్తిన. పొడుగాటి మనిషి కదా, చెయ్యి అందినచోట పెడుతున్నారని అన్నాళ్ళూ విసుక్కున్నాను. ఆరేళ్ళ పిల్లాడు నెత్తిమీదికి వచ్చే నీళ్ళని తల్చుకుంటూ పడుకోవడం కళ్ళకి కట్టింది. జాలేసింది. చాలా జాలేసింది. కాని కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

"మీ భయం నిజమేనండీ, కాదనను," అన్నాను. "దానికోసం బతికినంత కాలం నేను పీట ఎక్కాలా?"

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారు. "అమ్మ చెబితే నీకే తెలుస్తుంది ఆ నీళ్ళ సంగతి. ఆదివారం తీసుకొస్తాను," అన్నారు.

"తీసుకురండి. గట్టు దిగేదాకా మాత్రం నేనీ ఇంటికి కాపురానికి రాను. గృహప్రతిష్ఠకి మీరూ, మీ టేకు పీటా నిలబడి పాటలు పాడుకోండి."

కార్డులు అప్పటికే పంచేశాం. చర్చిలో పాస్టరుగారు రెండుసార్లు ప్రకటన కూడా చేశారు. ఇంకా రెండు వారాలే ఉంది. పట్టాభిరామయ్యగారు కిటికీలోంచి తల పెట్టి, "మీరిద్దరూ ఒక కొలతకి రండి. అప్పటిదాకా నేను ఉలి ముట్టనండి," అన్నారు. అని లోపలికొచ్చి, గాల్లో బీరువా కింద తువ్వాలు పరుచుకుని హాయిగా పడుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, రానన్న ఇంటికి అత్తగారి కోసం వెళ్ళక తప్పలేదు. నా పాత పీట కూడా ఆటోలో వేసుకుని వెళ్ళాను, టేకు పీట నా కాలి కింద పడే ప్రసక్తి లేదని మా ఆయనకి తెలియడానికి.

మా అత్తయ్యగారు సూరమ్మగారు వెస్లీ బండి వెనక కూర్చుని వచ్చి దిగారు. ఒళ్ళో మూత పెట్టిన బకెట్టు, అందులో బతికున్న కొర్రమీను, చేతిసంచీలో సొంత కత్తిపీట, బూడిద పొట్లం. డెబ్బై ఏళ్ళు. ఆవిడ ఎత్తు కూడా నా అంతే, ఇంకో అంగుళం తక్కువేమో. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏరా, చెప్పులు అంతెత్తున పెట్టావేంటి? ఎవరు మోస్తార్రా వాటిని?"

ఆవిడ వంటింట్లోకి వచ్చి గట్టుని ఎగాదిగా చూశారు. బకెట్టు దానిమీద పెడదామని ఎత్తబోయి, సగంలో దించేసి, చుట్టూ చూశారు. నా పాత పీట కనపడింది. దాన్ని ఇలా లాక్కుని నేలమీద కూర్చుని, కత్తిపీట కాలికింద నొక్కిపెట్టి, చేపకి బూడిద రాయడం మొదలుపెట్టారు. కొర్రమీను జారుడు చేప, బూడిద లేకపోతే ఎవరి చేతికీ చిక్కదు.

"అమ్మా," అన్నారు వెస్లీ, గుమ్మానికి ఆనుకుని. "ఆ ఏడు మనింట్లోకి నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో సువర్ణకి చెప్పవే. నడిమింటి గోడమీద గీత ఉంది చూడు."

"ఏ గీతరా?"

"అదేనమ్మా, నీళ్ళ గీత. నాన్న గీసింది."

అత్తయ్యగారి చెయ్యి ఆగింది. "నీళ్ళ గీతేంటిరా? ఆ ఏడు నీళ్ళు నా మోకాలి దాకా కూడా రాలేదు. కోళ్ళ గంప తేలింది, మట్టిపొయ్యి కరిగింది, అంతే. నీకెవరు చెప్పారది నీళ్ళ గీతని?"

"ఎవరూ చెప్పలేదు. మరి అదేంటి?"

"అది నీ ఎత్తురా."

పక్కగదిలో పట్టాభిరామయ్యగారు లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది.

"ఆ బళ్ళో ఉన్నప్పుడు నీకు జొరం వచ్చేసింది," అన్నారు అత్తయ్యగారు, చేప వైపే చూస్తూ. "మూడు రోజులు కళ్ళు తెరవలేదు. డాక్టరు లేడు, మందు లేదు. మీ నాన్న మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాలుగో రోజు నువ్వు లేచి అన్నం అడిగావు. తర్వాత ఇంటికొచ్చాం. సామాను ఇంకా పడవలోనే ఉంది. ఇంకా జొరం మత్తులో తూలుతున్న నిన్ను ముందు దింపి, గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద బొగ్గుతో గీత గీసి, 'సూరమ్మా, మనకి మిగిలింది ఇంత. ఇది చాలు' అన్నారు. సున్నం వేసినప్పుడల్లా, పిల్లాడు పెద్దాడైపోయాడు ఇంకా ఎందుకండీ ఆ మసి అని నేనంటే, ఒప్పుకునేవారు కాదు."

వెస్లీ వచ్చి వాళ్ళమ్మ పక్కన నేలమీద కూలబడ్డారు. ఆరడుగుల మనిషి మోకాళ్ళమీద తల పెట్టుకుని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది? ముప్పై అయిదేళ్ళుగా ఆ మనిషి దేన్ని చూసి భయపడ్డాడో అది వాళ్ళ నాన్న ముద్దు. ఆ మాట పైకి చెప్పడం ఆయనకి రాలేదు, అడగడం ఈయనకి రాలేదు.

కాసేపటికి నాకు నవ్వు ఆగలేదు. "అంటే ఇల్లంతా ఆరేళ్ళ మీ ఎత్తుకి కట్టించారన్నమాట," అన్నాను.

"ఆ గట్టూ, ఈ ప్లగ్గులూ, అవన్నీ అప్పటి వీడి ఎత్తేనా?" అన్నారు అత్తయ్యగారు. వెస్లీ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ పట్టాభిరామయ్యగారు, "ఇప్పుడు కొలత ఎవరిదో తేలింది కదండీ. అమ్మగారండీ, ఇలా గోడ దగ్గరికి రండి," అని నావైపు తిరిగి చెవిమీది పెన్సిలు తీశారు.

ఆ పెన్సిలు వెస్లీ అందుకున్నారు. నన్ను వంటగది గోడకి ఆనించి, చెయ్యి మడవమని, మోచేతికి నాలుగు వేళ్ళ కింద గీత గీశారు. కొత్తగా రంగు వేసిన గోడ అది. దానిమీద చెయ్యి పెట్టొద్దని ఇందుని ముందే బెదిరించి ఉంచింది నేనే. ఆ రోజు కిక్కురుమనలేదు. టేపు పెట్టి చూస్తే రెండడుగుల ఎనిమిదంగుళాలు. నా ఎర్ర ఇంకు ఎక్కడికీ పోలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి గ్రానైటు పలక లేపి, కింద గోడ పదంగుళాలు కోసి, మళ్ళీ పరిచాడు. చెప్పుల స్టాండు నేలకి దిగింది. గాల్లో బీరువా కింద పట్టాభిరామయ్యగారు మూడు వరసల సొరుగులు అమర్చారు, అంతకంటే ముందు, ఇప్పుడు మా ఆవిడ నమ్ముతుందండి అని దాని ఫొటో తీసుకున్నారు. ప్లగ్గులు కొన్ని దింపాం, కొన్ని అలాగే వదిలేశాం, గోడలన్నీ మళ్ళీ పగలగొట్టే ఓపిక ఎవరికీ లేదు. ఒక్క అర మాత్రం మూడున్నర అడుగుల ఎత్తున ఉంచమని నేనే అడిగాను. బైబిలు, ఇల్లు కాగితాలు, ఇందు సర్టిఫికెట్లు అక్కడే ఉంటాయి. వెస్లీ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఒకసారి దానిమీద చెయ్యి వేసి వెళతారు. వంటగది గోడమీది పెన్సిలు గీతని రంగులవాళ్ళు చెరిపేస్తామన్నారు. చెరిపితే ఊరుకోనన్నాను.

గృహప్రతిష్ఠ మే నెల రెండో శనివారం జరిగింది. టేకు పీట వరండాలోకి చేరింది, పాస్టరుగారూ సంఘపెద్దలూ దానిమీదే కూర్చుని, ఎంత పొడుగు బల్లండీ, భలే ఆలోచన అని వెస్లీని మెచ్చుకున్నారు. ఆయన నా ముఖం చూడలేదు. ప్రార్థన అయ్యాక నా పాత పీట కాలవలో పారేద్దామని వెతికితే, దానిమీద మా అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. ముందు నాలుగు కొర్రమీలు, పక్కన బూడిద.

"కాలవలో పారేస్తానన్నావు?" అన్నారు వెస్లీ, నా వెనకే వచ్చి.

"మీ అమ్మగారు లేస్తే కదండీ."

"నేను లేవను," అన్నారు అత్తయ్యగారు. "ఈ ఇంట్లో నాకు సరిపోయిన ఎత్తు ఇదొక్కటే."

స్టౌ మీద పులుసు తెర్లుతోంది. ఉప్పు డబ్బా చెయ్యి చాస్తే అందింది. రెండు కాళ్ళూ నేలమీద పెట్టి, మూత తీసి, గిన్నె అడుగుదాకా చూసుకుని, ఉప్పు వేశాను.